లసోటా టీకా వేసినా కోడిపిల్లలకు కొక్కెర తెగులు ఎందుకొచ్చింది?

గొల్లపూడిలో 200 నాటుకోడి పిల్లలకు 28వ రోజున కుళాయి నీళ్లలో లసోటా కలిపి పెట్టామని, అయినా మెడలు మెలితిరిగి, పచ్చగా పారుకుంటూ పోతున్నాయని, మందు నకిలీదేమోనని అడిగారు. నాకైతే ముందు అనుమానం ఆ కుళాయి నీళ్ల మీదే.

లసోటా అంటే బతికున్న వైరస్. తెగులు తెచ్చేదీ ఇదీ పారామిక్సో అనే ఒకే వైరస్ కుటుంబం: ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, పైన కొవ్వు పొర. తేడా ముఖ్యంగా ఎఫ్ ప్రొటీన్ తెగే చోట ఉంది (వైరస్ కణంలోకి దూరేది ఈ ప్రొటీన్‌తోనే, అది తెగితేనే పని చేస్తుంది). తెగులు రకంలో అక్కడ ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువ. దాన్ని కోసే ఫ్యూరిన్ అనే ఎంజైము ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది, అందుకే మెదడు దాకా పాకుతుంది. లసోటాను కోసే ఎంజైములు ఊపిరి దారిలో, పేగుల్లో మాత్రమే దొరుకుతాయి. అక్కడే పెరిగి రక్షణ ఇస్తుంది. పెరగాలంటే ముందు బతికి చేరాలి కదా. క్లోరిన్ నీళ్లు, మే నెల ఎండ దాన్ని దారిలోనే చంపేస్తాయి.

బోరు నీళ్లు వాడండి. లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి అరగంట ఆగాక మందు కలపండి. నీళ్లెన్ని? వయసు రోజులను పిల్లల సంఖ్యతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే లీటర్లు: మీకు 5.6. ముందు గంట దాహం పెట్టి, తెల్లవారుజామున ప్లాస్టిక్ గిన్నెల్లో పోయండి, రెండు గంటల్లో తాగేయాలి. సీసాను కొన్న దగ్గర్నుంచి ఐసు పెట్టెలోనే తేవాలి.

అసలు మొదటి డోసు 5-7 రోజులకే కంట్లో చుక్కగా పడాలి. నెలకు వేసేది రెండోది. 8 వారాలకు ఇదే తెగులుకు మరో టీకా ఆర్‌2బి, అర మి.లీ., రెక్క దగ్గర చర్మం కిందికి. అది కాస్త ఘాటు రకం, చిన్న పిల్లలకు వద్దు. (చుక్కలు వేశాక మీ కళ్లు నులుముకోకండి, ఎర్రబడతాయి.)

గంబోరో (కోడిపిల్లలకు వచ్చే మరో వైరస్ జబ్బు) వచ్చిపోయిన మందలో ఇంత చేసినా టీకా సరిగా పట్టదు, అది రోగనిరోధక అవయవాన్నే దెబ్బతీస్తుంది. ఆ వైరస్‌కు కొవ్వు పొర లేదు గనుక సబ్బు నీళ్లకు లొంగదు, షెడ్డులో నెలలు ఉంటుంది.

ఇప్పుడు జబ్బుగా ఉన్నవాటికి టీకా వేయకండి, యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. బర్డ్ ఫ్లూ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కాబట్టి చచ్చినవాటిని కోసి చూడకండి, కాలవలో వేయకండి. ముందు పశువుల ఆసుపత్రికి చెప్పండి, నమూనాలు తీశాకే సున్నం చల్లి లోతుగా పూడ్చండి.