ఫాంటసీ కథ రాశాక ఎక్కడికి, ఎలా పంపాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తెలుగులో నాలుగు ఫాంటసీ కథలు రాశాను గానీ పత్రికలకు ఎలా పంపాలో తెలియదు. కథలతో బతుకు గడుస్తుందా అని మా నాన్నగారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ నాన్నగారి ప్రశ్నకు సమాధానం చెప్పడం న్యాయం. తెలుగులో కథలు మాత్రమే రాసి ఇల్లు నడపడం సాధ్యం కాదు. పత్రికలిచ్చే పారితోషికం చిన్న మొత్తమే. వెబ్ పత్రికల్లో కొన్ని అదీ ఇవ్వవు. అందువల్ల డిగ్రీని ఏమాత్రం అశ్రద్ధ చేయకండి. అయితే ఒక కథను చివరిదాకా రాసి, దిద్ది, మనమెవరో తెలియని సంపాదకుడి ముందు పెట్టే అలవాటు ఉన్నవారికి సినిమా, వెబ్ సిరీస్, ఆడియో కథలు, గేమ్‌ల రచనలో తలుపులు తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఆ రంగాలవారు చూపించమనేది పూర్తయిన రచననే తప్ప మనసులో ఉన్న ఆలోచనను కాదు.

నాలుగు కథల్లో ఏది ముందు పంపాలన్నది అసలు విషయం. పత్రిక ఇచ్చే కొద్ది పేజీల్లో రాజ్యాలు, వంశాలు, యుద్ధాలతో నిండిన కొత్త లోకాన్ని నిర్మించడం కుదరదు. ఒక్క వింత, దానికి ఒక్క నియమం, ఆ నియమం వల్ల ఒక మనిషికి వచ్చిన చిక్కు ఉంటే చిన్న కథకు సరిపోతుంది. అంతర్వేది స్థలపురాణాన్నే తీసుకోండి. రక్తవిలోచనుడి నెత్తురు బొట్టు నేలను తాకితే మరో రాక్షసుడు పుడతాడన్నది నియమం. కొట్టిన కొద్దీ శత్రువులు పెరగడం చిక్కు. బొట్టు నేల మీద పడకుండా శక్తి నాలుక పరచడం పరిష్కారం. ఆ పరిష్కారం నియమంలోంచే పుట్టింది కనుకనే విన్నవారికి తృప్తి కలుగుతుంది. మీ కథలో చివరి నిమిషాన ఎక్కడినుంచో కొత్త మంత్రం ఊడిపడి కష్టం తీరుస్తున్నట్లయితే దాన్ని ఇంకా పంపవద్దు.

మీ ప్రాంతమే మీకు పెద్ద బలం. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు (దేవుణ్ణి నిలిపి ఊరేగించే ఎత్తైన అలంకరణ చట్రాలు) కొలువుదీరడం, గంగలకుర్రు ప్రభలను భుజాల మీద కౌశిక నీళ్లలోంచి దాటించడం మీరు చూసే ఉంటారు. ఎవరూ మోయకుండానే పన్నెండో ప్రభ ఆ ఒడ్డున నిలిచి ఉందని రాస్తే, మొదటి వాక్యంతోనే పాఠకుడు ఆగిపోతాడు. దేవుళ్ల ప్రస్తావన ఉన్నచోట మాత్రం భక్తుల మనసు నొవ్వకుండా రాయాలి. సంపాదకులు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు, ఉండాలి కూడా.

1947లో మొదలైన చందమామ ఆగిపోయాక ఇటువంటి కథలకు తెలుగులో ప్రత్యేకమైన చోటు కరువైంది. అయినా దినపత్రికల ఆదివారం అనుబంధాలు, స్వాతి వంటి వారపత్రికలు, 1998 నుంచి వస్తున్న ఈమాట వంటి వెబ్ పత్రికలు ఉన్నాయి. పంపదలచిన పత్రిక పాత సంచికలు కొన్ని తప్పక చదవండి. ఎంత నిడివి కథలు వేస్తున్నారు, ఊహాకల్పనకు చోటిస్తున్నారా అన్నవి చదివితేనే తెలుస్తాయి. కథను యూనికోడ్‌లో టైపు చేసి, పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో పాటు హామీ పత్రం జతచేయాలి. ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అన్నది అందులోని సారాంశం. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా చాలా పత్రికలు ప్రచురితమైనదిగానే చూస్తాయి కాబట్టి, స్నేహితుల మెప్పు కోసం ముందే పెట్టేయకండి. ఒక కథను ఒకసారి ఒక్క పత్రికకే పంపండి. వారు చెప్పిన గడువు దాటినా కబురు రాకపోతే, కథను వెనక్కు తీసుకుంటున్నట్లు మర్యాదగా ఒక మెయిల్ రాసి మరోచోటికి పంపవచ్చు. తిరస్కరణకు కారణం చెప్పలేదని నొచ్చుకోవద్దు, వాదించవద్దు.

హక్కుల సంగతి మీతోపాటు మీ నాన్నగారూ చదవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు మీది; రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అది నిలుస్తుంది. హక్కును మరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ చెబుతోంది. పోటీకి పంపిన కథలన్నిటిపై సర్వహక్కులూ తమవేనన్న నిబంధన కనిపిస్తే ఆ పోటీని వదులుకోండి. సంకలనంలో వేస్తామంటూ మీ దగ్గరే డబ్బు అడిగేవారికి కథ ఇవ్వకండి.

ఆంగ్లంలో ఈ రకం కథలకే ప్రత్యేకించిన పత్రికలున్నాయి. క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్ రచయితల నుంచి రుసుము తీసుకోవు, పైగా పారితోషికం ఇస్తాయి. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019లో పదానికి 8 సెంట్లను వృత్తిస్థాయి కనీస రేటుగా నిర్ణయించింది. ఆ లెక్కన 4,000 పదాల కథకు 320 డాలర్లు. పోటీ మాత్రం ప్రపంచమంతటితోనూ ఉంటుంది. మీరు ఆంగ్ల కథలు విస్తారంగా చదివి, ఆ భాషలోనే రాయగలిగితే ప్రయత్నించండి. తెలుగు కథను యంత్రంతో అనువదించి పంపడం వృథా. యంత్రాలతో రాయించిన కథలు వెల్లువెత్తడంతో క్లార్క్స్‌వరల్డ్ 2023 ఫిబ్రవరిలో కథలు తీసుకోవడాన్నే కొంతకాలం నిలిపివేయాల్సి వచ్చింది.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరలో ఉంటే అవి అయ్యాకే ఈ పని మొదలుపెట్టండి. నాలుగింటిలో నియమం అన్నిటికంటే స్పష్టంగా ఉన్న కథను ఎంచుకుని, బిగ్గరగా చదివి, తడబడిన చోటల్లా దిద్దండి. పంపాక కథ పేరు, పత్రిక, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, జవాబు కోసం ఎదురుచూడకుండా ఐదో కథ మొదలుపెట్టండి.