చీటీ పాడుకుని స్కూటర్ కొనాలా, లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఉద్యోగం. నెలకు 46,000 చేతికొస్తుంది. హాస్టల్‌కీ తిండికీ 14,500, సూర్యాపేటలో ఉన్న అమ్మానాన్నలకు 8,000, చీటీకి 5,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌కి 3,000, తిరుగుళ్లకు 2,500, ఫోనూ చిల్లర ఖర్చులూ 3,000. మిగిలే పదివేలు ఎటు పోతున్నాయో నాకే తెలియదు. బ్యాంకులో 70,000 ఉంది. ఇప్పుడున్న పాత స్కూటర్‌కి 20,000 ఇస్తామన్నారు. యమహా ఏరాక్స్ 155 మీద మనసు పడింది. నెలకు రెండుసార్లు దానిమీదే ఊరికి వెళ్లి రావాలని ఆశ. ఆన్‌రోడ్ 1,76,000 చెప్పారు. 36,000 కడితే మిగతా 1,40,000 మూడేళ్ల లోన్, వడ్డీ 9.5 శాతమే, ఈఎంఐ 5,000 లోపే అంటున్నారు. నా లక్ష రూపాయల చీటీ 20 నెలలది. 13 కట్టాను. పోయిన నెల 13,000 తగ్గింపుకు పాట పోయింది. అది పాడుకుని కొనమని స్నేహితురాలు అంటోంది. ఆడపిల్లకి అంత ఖరీదు బండెందుకని నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి మాట. బండి ఆడపిల్లదా మగపిల్లాడిదా అన్నది నా లెక్కలోకి రాదు. నెలనెలా ఇంటికి 8,000 పంపుతూ, చీటీ కడుతూ, సిప్ ఆపకుండా నడుపుకొస్తున్న మనిషి మీరు. ఇష్టమైన బండి కొనుక్కోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొనండి. ఈ నెల మాత్రం వద్దు, ఆ లోన్‌తో వద్దు, చీటీ పాడుకుని అసలే వద్దు. ఎందుకో చెబుతాను.

మీకు చెప్పిన 9.5 శాతం ఫ్లాట్ రేటు. అంటే 1,40,000 మీద మూడేళ్లూ పూర్తి వడ్డీ కడతారు. ఏడాదికి 13,300 చొప్పున మూడేళ్లకు 39,900. అసలుతో కలిపి 1,79,900, నెలకు 4,997. ఈఎంఐ 5,000 లోపే అన్నమాట నిజమే. కానీ ప్రతి నెలా మీరు అసలు కొంత తీరుస్తూనే ఉంటారు కదా. రెండో ఏడాది చివరికొచ్చేసరికి అసలు మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది, వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే నడుస్తుంటుంది. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది 17 శాతం దాటుతుంది. 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరయ్యే ఇలాంటి లోన్లకు వివరాలన్నీ ఒకచోట రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజులాంటివి కూడా కలిపిన అసలు రేటు అదే. ఎప్పుడు ఏ లోన్ తీసుకున్నా సంతకానికి ముందు ఆ ఒక్క అంకె అడగండి. నోటితో చెప్పే వడ్డీని పట్టించుకోవద్దు.

ఇక చీటీ. ఇక్కడే మన ఇళ్లల్లో అందరం పొరబడతాం. చీటీ మన డబ్బే కాబట్టి ఎత్తుకుంటే అప్పు కాదనుకుంటాం. పోయిన నెల లాగే 13,000 తగ్గింపుకు పాడుకుంటే మీ చేతికి 87,000 వస్తాయి. చివరిదాకా ఆగితే, చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం అనుకున్నా 95,000 వస్తాయి. ఈ నెల పాటకూ చివరి నెలకూ మధ్య ఆరు నెలలు. అంటే 87,000 ఆరు నెలలు ముందుగా అందుకోవడానికి మీరు 8,000 వదులుకుంటున్నారు. ఏడాదికి లెక్కగడితే 18 శాతం పైమాటే! షోరూమ్ లోన్ కంటే ఖరీదు. పైగా మధ్యలో ఎత్తితే మిగతా వాయిదాలకు జామీను చూపించాలి, దానికి మళ్లీ ఎవరో ఒకరిని బతిమాలాలి. చివరిదాకా కట్టిన వాళ్లకు ఆ తిప్పలు ఉండవు. 13 నెలలు ఓపిగ్గా కట్టారు. ఫలం చేతికొచ్చే ముందు దాన్ని తగ్గించి అమ్ముకోవద్దు.

బ్యాంకులో ఉన్న 70,000 జోలికి కూడా పోవద్దు. చీటీ, సిప్ పక్కన పెడితే మీ నెల ఖర్చు 28,000. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా బాగోకపోయినా మూడు నెలలు గడవాలంటే 84,000 కావాలి. మీ దగ్గరున్నది దానికే చాలదు. అందులోంచి 36,000 తీసి బండికి పెడితే, మిగిలేది నెలా పది రోజుల ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ధర కన్నా దాన్ని నడిపే ఖర్చే ఎక్కువమంది లెక్కలో ఉండదు. 2021 సెప్టెంబర్‌లో ఏరాక్స్ 1,29,000 ఎక్స్‌షోరూమ్ ధరతో మన దేశంలోకి వచ్చింది. 155 సీసీ, 15 పీఎస్ శక్తి, లిక్విడ్ కూలింగ్, 14 అంగుళాల చక్రాలు. గేర్లు లేని బండి హైవే మీద ఇంత నిలకడగా పోతుందా అని మొదటిసారి నడిపినవాళ్లు అనుకునేది ఆ చక్రాల వల్లే. ఊరి ప్రయాణం మీద మీకున్న ఆశ నాకు అర్థమవుతుంది. చౌటుప్పల్ దాటాక తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఒంటరిగా వెళ్తుంటే దొరికే స్వేచ్ఛకు నేను వెల కట్టను. కానీ ట్యాంకు 5.5 లీటర్లే. లీటరుకు 40 కిలోమీటర్లు ఇచ్చినా నిండు ట్యాంకుతో 220. హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు రానూ పోనూ సుమారు 270 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణానికి సూర్యాపేటలోనే పోయించుకుని బయల్దేరడం అలవాటు చేసుకోండి.

పెట్రోలు లీటరు 108 అనుకుందాం. హైదరాబాద్‌లో ల్యాబ్‌కు రోజూ 22 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 550. ఊరికి రెండుసార్లంటే ఇంకో 540. నెలకు 1,090 కిలోమీటర్లకు 27 లీటర్ల పైన, దాదాపు 2,950 రూపాయలు. పాత స్కూటర్‌కి ఇప్పుడు 1,200 అవుతుండాలి, కాబట్టి అదనం 1,750. ఏడాదికి 13,000 కిలోమీటర్లంటే మామూలు వాడకం కాదు. సర్వీసులు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, వెడల్పాటి వెనక టైరు, 20-25 వేల కిలోమీటర్ల ప్రాంతంలో మార్చాల్సిన డ్రైవ్ బెల్టు, దాంతోపాటు రోలర్లు... అన్నీ కలిపి నెలకు 1,200 పక్కన పెట్టమంటాను. బెల్టు సంగతి ప్రత్యేకంగా చెబుతున్నా. ఆటోమేటిక్ స్కూటర్‌లో అది తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది, నకిరేకల్ దగ్గర రాత్రి పూట అలా ఆగిపోవడం ఎవరికీ వద్దు. టోల్ మాత్రం టూవీలర్లకు లేదు. ఈఎంఐతో కలిపి చూస్తే బండి వల్ల మీ మీద నెలకు పడే అదనపు భారం 5,000 కాదు, దాదాపు 8,000.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర పరిధిలో మీకు టికెట్ లేదు. సూర్యాపేటకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సున్నా, బండి మీద వెళ్తే ప్రతిసారీ 730 పెట్రోలు. డబ్బు మిగులుతుందని ఈ బండి కొనడం లేదని మీకు మీరు ఒప్పుకోండి. ఇష్టం కోసం కొంటున్నారు, అది చాలు. వర్షం ముసురు పట్టినప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు, రాత్రి డ్యూటీ దిగినప్పుడు మాత్రం బస్సే ఎక్కండి. ఊరికి ఎప్పుడెళ్లినా బండి మీదే వెళ్లాలని నియమం పెట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్‌లో ఒక చిన్న గీత ఉంది, షోరూములో ఎవరూ చెప్పరు. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సైజును బట్టి మారుతుంది. 75 దాటి 150 సీసీ దాకా ఏడాదికి 714, అది దాటితే 350 సీసీ దాకా 1,366. కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి కాబట్టి 3,851 కాస్తా 7,365 అవుతుంది, దాని మీద జీఎస్టీ. ఏరాక్స్ 155 సీసీ, గీత దాటింది. టీవీఎస్ ఎన్‌టార్క్ 150 ఇంజిన్ 149.7 సీసీ, గీత ఇవతలే ఉంది. మూడున్నర వేల కోసం బండి మార్చమని నేననను. అయితే రెండూ నడిపి చూడండి, ఎందుకంటే డబ్బుతో సంబంధం లేని తేడా ఒకటుంది. ఏరాక్స్‌లో కాళ్ల మధ్య చదునైన చోటు ఉండదు, మధ్యలో వెన్నులాగా లేచి ఉంటుంది, పెట్రోలు పోసేదీ అక్కడే. అమ్మ ఇచ్చే బియ్యం సంచి, పచ్చళ్ల డబ్బాలు కాళ్ల దగ్గర పెట్టుకుని రావడం మీకు ఇప్పటిదాకా అలవాటైతే అది ఇక కుదరదు. సీటు కింద 24.5 లీటర్ల చోటు ఉంది, హెల్మెట్ పెడితే అదీ నిండుతుంది.

మన బండికి జరిగే నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ పాలసీలో, తరుగు తీసేయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ తప్పకుండా తీసుకోండి. ఇది నా అనుభవం. ఏళ్ల కిందట నార్కెట్‌పల్లి దగ్గర ఇసుక మీద నా స్కూటర్ జారింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ ఒక పక్క ప్యానెళ్లన్నీ పగిలాయి. క్లెయిమ్ చేస్తే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇచ్చారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు, పాలసీలో ఆ మాట రాసే ఉంది, చదవనిది నేను. ఈ తరహా స్కూటర్‌కి ఒళ్లంతా ప్లాస్టిక్కే. పాలసీ షోరూములోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు, బయట కూడా కొటేషన్ అడిగి పోల్చండి. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీలు అనో, మీరు అడగని యాక్సెసరీస్ అనో ఉంటే తీసేయమని గట్టిగా చెప్పండి.

అంతకన్నా ముఖ్యమైనది మీ మీద ఉండాల్సిన ఇన్సూరెన్స్. బండికి 1,76,000 పెడుతున్నారు, మీ జీతం మీద ఆధారపడ్డ ఇద్దరికి మీరు లేకపోతే ఏమీ లేదు. యజమానే నడిపేటప్పుడు ఉండాల్సిన 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి. దాంతో ఆగకుండా మీరు లేకపోతే ఇంటివాళ్లకు డబ్బు అందే టర్మ్ పాలసీ కనీసం 50 లక్షలకు తీసుకోండి. మీ వయసులో, పొగతాగే అలవాటు లేకపోతే నెలకు వెయ్యి లోపే అవుతుంది. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. బండి తాళం చేతికి రాకముందే ఆ పాలసీ చేతిలో ఉండాలి. ఈ విషయంలో నేను మెత్తబడను.

డబ్బు ఎలా కూడుతుందో చూడండి. బండి వచ్చేసిందనుకుని, ఈ నెల జీతం పడ్డ రోజే 8,000 తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లోకి పంపండి. ఎటు పోతున్నాయో తెలియని పదివేలలోంచే. మిగిలే రెండువేలల్లోంచి టర్మ్ ప్రీమియం. చీటీ పూర్తయ్యే ఏడు నెలల్లో 56,000. ఆ తర్వాత రెండు నెలలు చీటీ వాయిదా 5,000 కూడా తోడై నెలకు 13,000, అంటే 26,000. చీటీ డబ్బు 95,000. పాత స్కూటర్ 20,000. మొత్తం 1,97,000. ఆన్‌రోడ్ 1,76,000 పోగా 21,000. అందులో మంచి ఫుల్‌ఫేస్ హెల్మెట్, ప్యాడ్లున్న జాకెట్, గ్లౌజులకు 12,000 తీయండి, ఇవి బండి ధరలో భాగమే. ఈలోగా ధర పెరిగితే మిగతా 9,000 ఉంది. అప్పు లేదు, 39,900 వడ్డీ లేదు, 70,000 అలాగే ఉంది.

ఈ తొమ్మిది నెలల్లో ఏదో ఒక నెల 8,000 పక్కన పెట్టలేకపోతే బాధపడొద్దు, ఎందుకు కుదరలేదో రాసిపెట్టుకోండి. ఒకటి రెండు నెలలైతే కొనడం అంతమేరకు ఆలస్యమవుతుంది, అంతే. మూడు నాలుగు నెలలు వరసగా తప్పితే ఈ బండి ఖర్చు మీ జీతానికి ఇంకా ఎక్కువే. అప్పుడు 125 సీసీలో చూద్దాం, మళ్లీ రాయండి.

నాన్నగారికి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించండి. టెస్ట్ రైడ్‌కి ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు వెళ్లి, వెనక కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పండి. వెనక సీటు ఆయనకు ఎత్తనిపిస్తుందో, మోకాళ్లు నొప్పెడతాయో అప్పుడే తెలుస్తుంది. ఊళ్లో ఉన్నన్ని రోజులూ ఆ సీటు మీద కూర్చునేది ఆయనే కదా.