గోడ మీద బ్లేడు పెట్టే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చి. అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. పాతబస్తీ దేవిడీ (పాతకాలపు నవాబుల భవనం) పని నీ చేతికొచ్చిందని, ఇంటివాళ్లు "అసలు రంగేదో చెప్పండి చాలు, నెలలో వేసేస్తాం" అంటున్నారని, నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ టెన్షన్ ఉండాల్సిందే అమ్మా. పాత కట్టడాల గోడలకు ఎప్పుడు ఏ రంగు వేశారో తేల్చే ఈ పనిలోకి నేను వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, ఇప్పటికీ శాంపిల్ కోసం పాత గోడకు బ్లేడు ఆనించే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నీతోపాటు ఈ పనిలోకి వచ్చిన పిల్లలకు కూడా చూపించు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే నువ్వు చేయబోయేది కూడా అదేనని నా భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత మహల్ వరండా నాకు అప్పగించారు. చేతికందిన స్తంభం మీద, ఛాతీ ఎత్తులో, నాలుగు శాంపిళ్లు తీశాను. నాలుగింటిలోనూ గచ్చు (సున్నపు ప్లాస్టరు) మీద మొట్టమొదటి పొర పసుపు మన్ను కలిపిన సున్నమే. అదే అసలు రంగని రిపోర్టు రాసిచ్చాను, వరండా మొత్తానికీ అదే వేశారు. రెండేళ్ల తర్వాత చెదలు తిన్న ఒక ద్వారబంధాన్ని ఊడదీస్తే దాని వెనక, ఎవరి కుంచె అందని చోట, లేత నీలం బయటపడింది. ఆ స్తంభాలను ఎప్పుడో ఒకసారి గచ్చు దాకా గీకేసి మళ్లీ రంగు వేశారన్నమాట, నేను చూసింది మొదటి పొర కాదు, గీకాక మిగిలిన కథలో మొదటి పొర. బాధేమిటంటే సాక్ష్యం నా కళ్ల ముందే ఉంది. మైక్రోస్కోపులో గచ్చు పై అంచు నున్నగా లేదు, గీతలు పడి ఉంది, ఆ గీతల్లో రెండు మూడు నీలం రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. ఎక్కడిదో దుమ్ము అంటుకుందనుకుని వాటి గురించి రిపోర్టులో ఒక్క ముక్క కూడా రాయలేదు.

కాబట్టి అమ్మలూ, మొదటి వారం బ్లేడు తియ్యకు. ఇల్లంతా తిరుగు. ఏ గది ఎప్పుడు కట్టారు, ఏ గోడ తర్వాత లేపారు, ఏ తలుపు మార్చారు, ఇవన్నీ తెలుసుకో. ఆ ఇంటికి సున్నం వేసిన పాత మేస్త్రి ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి టీ ఇప్పించి అడుగు, పండక్కి ముందు గోడ గీకేవాళ్లా, లేక ఉన్నదాని మీదే వెల్ల కొట్టేవాళ్లా అని. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే నీకు సగం పని అయినట్టే. పాత ఫోటోలు దొరికితే సంతోషమే కానీ ఒక జాగ్రత్త. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలం నాటి ఫోటో ప్లేట్లు నీలం కాంతినే బాగా పట్టుకునేవి, ఎరుపూ పసుపూ వాటికి సరిగ్గా కనిపించవు. అందుకని ఫోటోలో తెల్లగా మెరిసే గోడ నిజానికి లేత నీలం కావచ్చు, నల్లగా కనిపించేది జాజు ఎరుపు కావచ్చు. ఫోటో చూసి రంగు చెప్పేవాళ్ల మాట నమ్మకు.

శాంపిల్ ఎక్కడ తీయాలంటే, గీకేవాడి చెయ్యి అందని చోట. తలుపు కీలు వెనక, కార్నిస్ పైభాగంలో, స్విచ్‌బోర్డు కింద, కర్టెన్ కొక్కెం చుట్టూ, దూలం గోడలోకి దిగే మూల. చెక్కను ఎవరూ పూర్తిగా గీకరు, అందుకే గోడలో పోయిన పొరలు చాలాసార్లు తలుపు అంచుల్లో దొరుకుతాయి. ఇప్పటికే పగిలిన చోటు అంచు నుంచే తీసుకో, బాగున్న చోట కొత్త గాయం చెయ్యకు. ఆవగింజంత చాలు, కానీ అడుగున గచ్చో చెక్కో తప్పనిసరిగా రావాలి, అడుగు లేని శాంపిల్‌తో ఏ పొర మొదటిదో చెప్పలేవు. తీసిన వెంటనే నంబరు వేసి, నేల నుంచి ఎత్తు రాసి, దగ్గర నుంచీ దూరం నుంచీ ఫోటో తియ్యి. "తర్వాత రాసుకుంటాలే" అనుకున్న శాంపిల్ చెత్తతో సమానం.

చిత్రాలున్న గోడల సంగతి వేరు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు చూశావు కదా, 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ముల హయాంలో వేసిన చిత్రాలు. ఎర్రమన్ను, పసుపు మన్ను, నలుపు, సున్నపు తెలుపు, ఇలా కొన్ని రంగులతోనే అంత పని చేశారు. అలాంటి చోట ఆవగింజంత కూడా ఎక్కువే. తాకకుండా చూసే పరికరాలతో చెప్పగలిగినంతే చెప్పాలి. పైగా అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అనుమతి లేకుండా బ్లేడు పట్టుకుని నిలబడటం కూడా తప్పే.

ఇక ల్యాబు. శాంపిల్ చుట్టూ రెజిన్ (ఆరి గట్టిపడే జిగురు) పోసి, అడ్డంగా కోసి, నున్నగా అరగదీస్తావు. అరగదీసేటప్పుడు నీళ్లు వాడకు, డిస్టెంపరు లాంటి జిగురు పొరలు కరిగి చెదిరిపోతాయి, వైట్ స్పిరిట్ (నూనె రంగులు పలుచన చేసే ద్రావకం) వాడు. మైక్రోస్కోపులో పెట్టగానే రంగులు చూసి మురిసిపోకు, ముందు రంగుల మధ్యనున్న మురికి చూడు. రెండు పొరల మధ్య సన్నటి నల్ల గీత, అంటే దీపాల మసి, దుమ్ము, కనిపిస్తే ఆ కింది పొర కొన్నేళ్లు బయట ఉంది, జనం చూశారు. గీత లేకుండా అతుక్కుని ఉంటే అది అడుగు పూత కావచ్చు. వెల్ల ఒక్కసారి వేసినా రెండు మూడు పూతలు వేస్తారు కాబట్టి పొరలు లెక్కబెట్టి "ఇన్నిసార్లు రంగు వేశారు" అని రాయకు. తర్వాత అదే శాంపిల్‌ను యూవీ లైటు కింద చూడు. లక్క నారింజ రంగులో వెలుగుతుంది, జింకు తెలుపు పసుపుపచ్చగా వెలుగుతుంది, మామూలు వెలుతురులో ఒకేలా ఉన్న రెండు తెలుపులు అక్కడ విడిపోతాయి.

పెద్ద యంత్రాలకు పంపే ముందు చుక్క పరీక్షలు చెయ్యి, మా తరం వాళ్లం వాటితోనే బతికాం. పలుచని యాసిడ్ చుక్క వేస్తే సున్నం బుసబుస పొంగుతుంది, జిప్సం పొంగదు. నీలం రేణువు యాసిడ్‌లో వెలిసిపోయి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అల్ట్రామెరీన్. అప్పట్లో బట్టలకు పెట్టే నీలం పొడి కూడా చాలావరకు అదే, వెల్లలో చిటికెడు కలిపేవాళ్లు. క్షారం తగిలి గోధుమరంగుకు తిరిగితే ప్రష్యన్ బ్లూ. ఈ కారణంగానే అది సున్నంలో నిలవదు, తలుపుల నూనె రంగుల్లో వెతుకు. రెండింటికీ చలించకపోతే నీలిమందు చెట్టు నుంచి తీసిన ఇండిగో అయ్యుండొచ్చు, దాన్ని రామన్ పరీక్షతో (లేజరు కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతి) తేల్చుకో.

చేతిలో పట్టుకునే ఎక్స్ఆర్ఎఫ్ గన్ను (ఎక్స్ కిరణాలతో మూలకాలను గుర్తించేది) ఉందని సంబరపడుతున్నావని తెలుసు. మంచి పరికరమే. కానీ అది చెప్పేది మూలకం పేరు, రంగు పేరు కాదు. ఇనుము అంటుంది, అది జాజు కావచ్చు, ప్రష్యన్ బ్లూ కావచ్చు, గచ్చులోని ఇసుక కూడా కావచ్చు. సీసం అంటే సఫేదాయా (సీసపు తెలుపు), సిందూరమా (సీసపు ఎరుపు), నూనె త్వరగా ఆరడానికి కలిపిన మందా? పైగా అది పొరలన్నింటినీ కలిపి చదువుతుంది. రాగీ ఆర్సెనిక్ కలిసి కనిపిస్తే ఎమరాల్డ్ గ్రీన్‌ను అనుమానించు, అది 1814లో వచ్చిన రంగు, విషం, చేతికి గ్లౌజు లేకుండా తాకకు. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1916 తర్వాతే, కాబట్టి ఆ పొర 1911 దాకా ఏలిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది కాదని ధైర్యంగా చెప్పొచ్చు. అయితే టైటానియం మన ఎర్రమట్టిలోనూ ఇసుకలోనూ ఉంటుంది! గన్ను చూపించిన అంకె పట్టుకుని పరుగెత్తకుండా, అది తెల్లటి రేణువుల్లో ఉందా మట్టిలో ఉందా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాకే తేదీ రాయి.

రంగు పేరు తేలగానే నీ పని అయిపోయిందని వాళ్లు అంటారు. అవలేదు. ఆ రంగు దేనితో కలిపారు, సున్నంతోనా, జిగురుతోనా, నూనెతోనా, అది తేలేదాకా వదలకు, ఎందుకంటే వాళ్లు చేసేది షేడ్ కార్డులో దగ్గరి రంగు చూసి ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టడం. సున్నం గచ్చు గోడలో తేమ వస్తూ పోతూ ఉంటుంది. దాని మీద ఎమల్షన్ వేస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, కొన్ని వానాకాలాలకే రంగు గచ్చును కూడా పీకుకుంటూ రాలుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఎంత కష్టపడి తీసి మళ్లీ సున్నం వేశారో వెళ్లి చూడు, ఆదివారం పొద్దున్నే వెళ్లు, ఎండ తక్కువ. అజంతా సంగతి ఇంకా నొప్పి. అప్పుడు అది మన హైదరాబాదు రాజ్యంలోది. 1920-22లో ఇటలీ నుంచి సెచ్చోనీ, ఒర్సీనీ అనే నిపుణులను పిలిపించారు, వాళ్లు రాలిపోతున్న పొరలను నిలబెట్టారు, అది నిజమే, కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, మసకబారి చిత్రాలను కప్పేసింది. తర్వాత పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్లు ఆ లక్కను తీయడానికి దశాబ్దాలు కూర్చున్నారు. కీడు చేయాలని ఎవరూ పూయలేదమ్మా. తిరిగి తీయగలమా అని ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సింది.

తలుపుల ఎనామెల్‌ను పొడిగా గీకనివ్వకు, మంటతో కాల్చనివ్వకు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, అంతకు ముందు రంగుల్లో సీసం ఉందనే అనుకో. తడిపి గీకించు, కూలీలందరికీ మాస్కు ఇప్పించు, నీకొక్కదానికే కాదు. వాళ్ల పిల్లలు అక్కడ ఆడుకుంటుంటే పని ఆపించు. ఈ విషయంలో ఎవరు విసుక్కున్నా పట్టించుకోకు.

రిపోర్టులో "అసలు రంగు" అన్న మాట వాడకు. ఏ కాలంలో ఏ రంగు ఉందో రాయి, ఎక్కడ అనుమానం ఉందో కూడా రాయి. వాటిలో ఏ కాలాన్ని తిరిగి తేవాలో ఇంటివాళ్లు, ఆర్కిటెక్టు, నువ్వు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. రంగును మన్‌సెల్ నంబరుతో (ప్రతి రంగుకూ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) రాయి, "క్రీమ్ కలర్" అంటే నాకొకటి, మేస్త్రికొకటి. నమూనా గోడ మీద మీటరు చదరం వేయించి నెల్లాళ్లు వదిలెయ్యి, తడి సున్నం ముదురుగా కనిపించి ఆరాక బాగా లేతబడుతుంది, తడిగా చూసి ఒప్పుకుంటే తర్వాత గొడవే.

ఇంకో మాట. ప్రతి గదిలోనూ ఎక్కడో ఒకచోట, చాపంత మేర పాత పొరలను అలాగే ఉంచమను, గీకొద్దు, రంగు వెయ్యొద్దు. ఎక్కడుందో ప్లాన్ మీద గుర్తు పెట్టు. శాంపిళ్లలో సగం పరీక్షకు వాడు, సగం దాచు. నా నీలం రేణువుల్లాంటివి నీ కళ్లనూ తప్పించుకోవచ్చు, అప్పుడు ఇంకొకరు వచ్చి చూసేందుకు ఏదో ఒకటి మిగలాలి.

ఈ శుక్రవారంలోగా తలుపుల ఫోటోలు పంపు, కీళ్ల దగ్గర బాగా దగ్గరగా తీసినవి. అవి చూశాక మొదటి శాంపిల్ ఎక్కడ తీయాలో మాట్లాడుకుందాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మావయ్య