రోస్టర్ బాగోలేదంటే కేసు నిలబడదు

ప్రశ్న: ప్రైవేటు విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్ని (కో-పైలట్‌ని), శంషాబాద్ బేస్. వరుస రాత్రి డ్యూటీలతో నిద్ర కరువైంది. పాప పుట్టినరోజుకు కూడా ఇంట్లో లేను. కిందటి నెల ఒక శుక్రవారం రాత్రి 11.40కి ముగియాల్సిన డ్యూటీ, ఫ్లైట్ ఆలస్యమై, తెల్లవారితే శనివారం 2.50కి ముగిసింది. ఆదివారం రాత్రి 11.45కే మళ్ళీ రిపోర్టింగ్. మా పైలట్ల సంఘం మేనేజ్‌మెంట్‌కు మూడు ఉత్తరాలు రాసింది, రాష్ట్ర కార్మిక శాఖకు అర్జీ ఇచ్చింది. ఫలితం లేదు. వచ్చే శనివారం అందరం సిక్ లీవ్ పెడదామని వాట్సాప్‌లో పోల్ పెట్టాం. తప్పవుతుందా?

జవాబు: అంత పెద్ద ఉత్తరంలో కేసుకు పనికొచ్చేవి రెండే రెండు సమయాలు: 2.50, 11.45. మీరేమో వాటిని మాటవరసకు రాసి వదిలేశారు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో సవరించిన డ్యూటీ సమయాల నిబంధనల ప్రకారం వారానికి కనీసం 48 గంటల ఏకధాటి విశ్రాంతి, అందులో రెండు రాత్రులు ఉండాలి. ఒక వారపు విశ్రాంతి ముగిశాక 168 గంటల లోపు తర్వాతిది మొదలవ్వాలి. అంతకుముందు వారపు విశ్రాంతి 36 గంటలే ఉండేది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి పట్టుబట్టాకే 2025 జూలై 1న కొంత, నవంబర్ 1న మిగతాది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మీ లెక్క చూడండి. కాగితం మీద మీకు 48 గంటల 5 నిమిషాలు ఇచ్చారు. నిజంగా దొరికింది 44 గంటల 55 నిమిషాలు. పైగా శుక్రవారం రాత్రి చేజారింది. రోస్టర్ (డ్యూటీల పట్టిక) వేసినప్పుడు సక్రమమే, నడిచినప్పుడు కాదు. మీ కేసంతా ఈ తేడాలోనే ఉంది.

కంపెనీ లాయరు మొదట చెప్పే మాట: 'మరో రోజు విశ్రాంతి ఇచ్చాం కదా.' అందుకని అంతకుముందు వారపు విశ్రాంతి ముగిసిన నిమిషం నుంచి 168 గంటలు లెక్కపెట్టండి. ఆలోపు ఇంకెక్కడా 48 గంటల విశ్రాంతి మొదలు కాకపోతేనే ఉల్లంఘన. ఆ తేదీన మీ సంస్థకు డీజీసీఏ మినహాయింపు ఏదైనా ఉందేమో కూడా చూడండి. 2025 డిసెంబర్‌లో వేల ఫ్లైట్లు రద్దయిన గందరగోళంలో అలాంటివి ఇచ్చారు, వారపు విశ్రాంతి బదులు సెలవు చూపకూడదన్న నియమాన్ని అప్పుడే వెనక్కి తీసుకున్నారు.

ఇక మీ మూడు ఉత్తరాలు. 'రోస్టర్లు అమానుషంగా ఉన్నాయి' అని రాశారు. ఫ్లైట్ నంబర్ లేదు, తేదీ లేదు, గంట లేదు. దాన్ని ఏ అధికారి ముందు పెట్టమంటారు? ఆ రాత్రి ఫెటీగ్ రిపోర్టు (అలసటపై రాతపూర్వక నివేదిక) ఇచ్చారా అంటే దాని ఊసే లేదు. రోస్టర్ యాప్ ఎప్పటికప్పుడు మారిపోతుంది. ముందు వేసిన రోస్టర్, మారిన రోస్టర్, లాగ్‌బుక్, క్రూ కంట్రోల్ (డ్యూటీలు కేటాయించే విభాగం) మెసేజ్‌లు నాలుగూ ఈ వారమే భద్రం చేయండి. ఫోన్ స్క్రీన్‌షాట్ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోన్ మార్చేయకండి.

అర్జీ కూడా తప్పు గుమ్మంలో ఇచ్చారు. విమాన రవాణాలో కార్మిక వివాదాలకు చట్టం చెప్పే 'తగిన ప్రభుత్వం' కేంద్రం, రాష్ట్రం కాదు. కాబట్టి హైదరాబాద్‌లోని కేంద్ర ప్రాంతీయ లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్ళాలి. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్ళు దాటాక కన్సిలియేషన్ (రాజీ ప్రక్రియ) జరపరు. రాష్ట్ర శాఖలో అర్జీ నలుగుతోందని ఈ గడువు ఆగిపోతుందని అనుకోకండి. పని గంటలు, విశ్రాంతి విరామాలు మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 40వ సెక్షన్ అంటోంది. మీ డ్యూటీల పద్ధతిని నోటీసు లేకుండా మార్చి ఉంటే అది రెండో అస్త్రం. ఈ కోడ్ కింద పైలట్ 'వర్కర్' (కార్మికుడు) కాడని యాజమాన్యం వాదిస్తుంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఢిల్లీ హైకోర్టు పైలట్లు వర్క్‌మెన్ పరిధిలోకే వస్తారని చెప్పింది. ఆ వాదనకు సిద్ధంగా ఉండండి.

సిక్ లీవ్ ఆలోచన మానుకోండి. ఇది సలహా కాదు, హెచ్చరిక. కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సగం మంది, అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మే. 'సిక్ అంటాం, లేదా 49 శాతంతో ఆపేస్తాం' అని ఏ తెలివైనవాడో గ్రూపులో అనే ఉంటాడు. ఎంతమందైనా సరే, ఒక అవగాహనతో పని నిరాకరిస్తే అదీ ఆ నిర్వచనంలోకే వస్తుంది. ఆ అవగాహన రుజువు చేయడానికి కంపెనీ పెద్దగా కష్టపడక్కర్లేదు, మీ పోల్ చాలు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ అన్నప్పుడు సుమారు పాతిక మందిని తీసేశారు. చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కుదిరాకే మళ్ళీ చేర్చుకున్నారు. నిజంగా అలసిపోయినవాళ్ళ సంగతి వేరు. ఆ పైలట్ విడిగా, ఆ పూట, అలసట అని రాసి తప్పుకోవచ్చు, తప్పుకోవాలి కూడా.

చేయాల్సింది ఇది. సంఘం సమావేశం పెట్టి తీర్మానం మినిట్స్‌లో రాయండి. ఇలాంటి ఉదాహరణలు మరికొన్ని సభ్యుల నుంచి తేదీలతో సేకరించి, ఒకే పట్టికగా డీజీసీఏకు, లేబర్ కమిషనర్‌కు ఒకే రోజు పంపి రశీదు తీసుకోండి. డీజీసీఏ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయాల్సింది దాని మీదే. ప్రైవేటు కంపెనీ రోస్టర్ మీద నేరుగా వేస్తే నిలవడం కష్టం. ఆ పోల్‌ను మాత్రం డిలీట్ చేయకండి. సాక్ష్యం చెరిపారనే నింద అదనంగా వస్తుంది. 'ఈ ప్రతిపాదన విరమించుకున్నాం, ఎవరూ పాటించవద్దు' అని అదే గ్రూపులో సెక్రటరీ పేరుతో ఈ రోజే మెసేజ్ పెట్టించండి.