ఆ కాగితం దగ్గర ఆగు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన పాలస్తీనా డాక్యుమెంటరీ రఫ్ కట్ (తొలి కూర్పు) చూశాను. వ్యాఖ్యానం రాతప్రతి కూడా చదివాను. నీ వాక్యంలో ఊపు ఉంది, చదివిస్తుంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతున్నాను. ఒక దృశ్యం దగ్గర నువ్వు చేసిన పని నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో ఇల్లు కూలగొట్టే దృశ్యం. ఒక నడివయసు మనిషి ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు తీశాడు. వాటిని జీపు బానెట్ మీద పరిచి, గాలికి లేచిపోకుండా ఎడమ అరచేత్తో అదిమిపట్టి, కుడిచేతి వేలితో ఒక వరుస చూపిస్తున్నాడు. ఎదురుగా ఉన్న అధికారి ఆ వేలివైపు చూడనైనా చూడడం లేదు. మొత్తం నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్ల మీద నీ వ్యాఖ్యానం ‘ప్రపంచం మౌనంగా చూస్తోంది’ అంటూ సాగిపోయింది. వెంటనే గాజాలో చనిపోయిన పసిబిడ్డ ముఖం, స్లో మోషన్‌లో, వెనకాల వయొలిన్‌తో. నలభై నిమిషాల సినిమాలో అదే ముఖాన్ని మూడుసార్లు వాడావు. ఎందుకు తమ్ముడూ? మొదటిసారి చూసి కదలనివాడు మూడోసారికి కదులుతాడా? ఆ బిడ్డను కన్నవాళ్లు ఈ సినిమా చూస్తే ఏమనుకుంటారో ఆలోచించావా?

శవం చూసి మన ప్రేక్షకుడు ఏడుస్తాడు. ఏడ్చి ఇంటికి వెళ్లిపోతాడు. ఇంట్లో బావమరిది ‘అక్రమంగా కట్టుకుంటే ఎక్కడైనా కూలుస్తారు కదా?’ అని అడిగితే నోరు మెదపలేడు. ఆ జవాబు నీ సినిమా అతనికి ఇవ్వలేదు. జవాబు ఆ మనిషి జీపు మీద పరిచిన కాగితంలో ఉంది.

ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వం మధ్య కుదిరిన 1995 ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి ప్రాంతాలుగా విడదీసింది. అందులో సి ప్రాంతమే దాదాపు 60 శాతం. అక్కడ పాలస్తీనా రైతు గది కట్టాలన్నా, గొర్రెల కొట్టం వేయాలన్నా, నీటి తొట్టి తవ్వాలన్నా ఇజ్రాయెల్ సైన్యం కింద పనిచేసే సివిల్ అడ్మినిస్ట్రేషన్ అనుమతి కావాలి. పాలస్తీనా వాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు దాదాపు అన్నీ తిరస్కరణకు గురవుతాయి. పిల్లలు పెరిగాక ఇంకో గది లేకుండా ఎవరూ బతకలేరు కాబట్టి అనుమతి లేకుండానే కడతారు. అనుమతి లేదు కాబట్టి అక్రమం. అక్రమం కాబట్టి బుల్డోజర్. ఈ చక్రాన్ని ఒక్కసారి చూపిస్తే బావమరిది ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

వెస్ట్ బ్యాంక్‌లోనే హెబ్రాన్ పట్టణానికి దక్షిణాన కొండల మీద మసాఫర్ యట్టా అని పల్లెల గుంపు ఉంది. 1980ల మొదట్లో సైన్యం అందులో చాలా భాగాన్ని ‘ఫైరింగ్ జోన్ 918’గా ప్రకటించింది. సైనిక శిక్షణ కోసమే అన్నారు. కానీ 1981 జులైలో జరిగిన ఒక సమావేశపు మినిట్స్‌ను (చర్చల నమోదును) ఇజ్రాయెల్‌కు చెందిన అకెవోత్ సంస్థ పరిశోధకులు పాత దస్త్రాల్లోంచి వెలికితీశారు. అప్పటి వ్యవసాయ మంత్రి ఏరియల్ షరోన్ సైన్యానికి అదనపు శిక్షణ భూములు ఇస్తామని ముందుకొస్తూ, కొండల మీది అరబ్బు పల్లెలు విస్తరించకుండా చూడాలన్న ఉద్దేశాన్ని ఆ సమావేశంలో చెప్పాడు. అది 2020లో బయటికొచ్చింది, కోర్టు ముందుకూ వెళ్లింది. అయినా 2022 మేలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు పల్లెవాసుల పిటిషన్లను కొట్టేసింది. జోన్ ప్రకటించే నాటికి వాళ్లు అక్కడ శాశ్వతంగా నివసిస్తున్నట్టు రుజువు కాలేదంది. గుహల్లో కాపురం చేసి, తాత ముత్తాతల నాటి నుంచి గొర్రెలు మేపుకున్న వాళ్ల గురించి చెప్పిన మాట ఇది! ఆ మినిట్స్ పేజీని తెరమీద పది సెకన్లు నిలబెట్టు. వయొలిన్ అవసరం ఉండదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక రిజర్వాయరు ముంపు గ్రామాల మీద తీసిన చిత్రానికి వ్యాఖ్యానం రాశాను. అప్పట్లో 1894 నాటి భూసేకరణ చట్టం కింద, భూమి తీసుకోబోతున్నామని చెప్పే నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ వేస్తే రెండు దినపత్రికల్లో ప్రచురించాల్సి ఉండేది. ప్రచురించారు. ఎక్కడ? ఆ ఊళ్లకు ఒక్క ప్రతి కూడా రాని పత్రికలో, టెండర్ ప్రకటనల మధ్య, భూతద్దం పెట్టి వెతుక్కోవలసిన అక్షరాల్లో. ఊరివాళ్లు అభ్యంతరం చెప్పుకునే గడువు ఎలా జారిపోయిందో ఆ ఒక్క పేజీ చెబుతుంది. టీవీ చానల్ ఎడిటర్ ఆ పేజీని కత్తిరించేశాడు. ‘కాగితాలు ఎవరు చూస్తారండీ, ముసలమ్మ ఏడుపు ఇంకాస్త ఉందా?’ అన్నాడు. ముసలమ్మ ఏడుపే ప్రసారమైంది. ఆ చిత్రం చూసిన ప్రతివాడూ నష్టపరిహారం పెంచాలన్నాడు తప్ప, భూమి తీసుకున్న తీరే తప్పని ఒక్కడూ అనలేదు. ఆ కత్తిరింపును నేను ఇప్పటికీ క్షమించలేదు.

రానాన్ అలెగ్జాండ్రోవిచ్ అనే ఇజ్రాయెలీ దర్శకుడు 2011లో ‘ది లా ఇన్ దీజ్ పార్ట్స్’ తీశాడు. దొరికితే చూడు. ఆక్రమిత ప్రాంతాల్లో సైనిక చట్టాలు రాసిన, తీర్పులిచ్చిన విశ్రాంత న్యాయాధికారులను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. వాళ్లు మర్యాదగా, ఓపికగా తాము చేసిన పనిని వివరిస్తారు. 1979లో ఎలోన్ మోరే కేసులో ప్రైవేటు భూమి స్వాధీనం చెల్లదని సుప్రీంకోర్టు అన్నాక, 1858 నాటి ఒట్టోమన్ భూచట్టాన్ని బయటికి తీశారు. ఊరి చివర నిలబడి గట్టిగా కేక వేస్తే వినపడనంత దూరంలో, ఎవరి సాగులోనూ లేని నేల బంజరు కిందికి వస్తుందని అందులో ఉంది. అలాంటి పాత సూత్రాల ఆసరాతో కొండలకు కొండలు ‘ప్రభుత్వ భూమి’ అయిపోయాయి, వాటి మీద ఇజ్రాయెలీల కాలనీలు, అంటే సెటిల్‌మెంట్లు, లేచాయి. ఆ సినిమా చూసి నాకు వచ్చినంత కోపం ఏ శవాన్ని చూసినా రాలేదు.

ఇక 2023 అక్టోబరు 7 గురించి. నీ సినిమాలో ఆ తేదీ లేదు. ‘పెడితే మన పక్షం బలహీనపడుతుందా?’ అని అడిగావు. పెట్టు. ఆ రోజు హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. బేరి కిబ్బుట్జ్‌లో (ఇజ్రాయెల్‌లోని సామూహిక గ్రామంలో) చనిపోయిన వివియన్ సిల్వర్ గాజా రోగులను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు కారులో చేరవేసిన మనిషి, శాంతి కోసం జీవితమంతా పనిచేసిన మనిషి. ఆమె చావును చెప్పలేని సినిమాకు గాజాలో పోయిన వేలాది పిల్లల చావు గురించి మాట్లాడే అర్హత ఉండదు. బలహీనపడుతుందన్న లెక్కే తప్పు. దాచిన తేదీని ఎదుటివాడు ముందు పట్టుకుంటాడు. ఆ తర్వాత నువ్వు చూపించే ఏ కాగితాన్నీ నమ్మడు.

గాంధీగారి వాక్యం విషయంలోనూ ఇదే పని చేశావు. ఇంగ్లండు ఇంగ్లిషువాళ్లది అయినట్టే పాలస్తీనా అరబ్బులదని ఆయన 1938 నవంబరులో ‘హరిజన్’లో రాశారు, నిజం. అదే వ్యాసంలో తన సానుభూతి అంతా యూదులకేనని, దక్షిణాఫ్రికా రోజుల నుంచి వాళ్లను దగ్గరగా ఎరుగుదునని కూడా రాశారు. సానుభూతి ఉన్నంత మాత్రాన న్యాయం మరిచిపోలేనన్నదే ఆ వ్యాసం వాదన. సగం కోసేస్తే వాదనలోని బలమే పోయింది.

ఏ ఫెస్టివల్‌కు పంపాలి, ఏ డిస్ట్రిబ్యూటర్‌ను కలవాలి అని కూడా చాలా అడిగావు. మసాఫర్ యట్టా మీద ఇద్దరు పాలస్తీనీయులు, ఇద్దరు ఇజ్రాయెలీలు కలిసి తీసిన ‘నో అదర్ ల్యాండ్’కు 2025 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అప్పటికి అమెరికాలో ఒక్క డిస్ట్రిబ్యూటరూ దాన్ని తీసుకోలేదు. బహుమతి వచ్చిన నెలలోనే దర్శకుల్లో ఒకడైన హమ్దాన్ బలాల్ తన ఊళ్లోనే దెబ్బలు తిని నిర్బంధంలోకి వెళ్లాడు. ఇటు పాలస్తీనా పక్షాన ఇజ్రాయెల్ బహిష్కరణ ఉద్యమం నడిపేవాళ్లూ ఆ సినిమాను తప్పుపట్టారు. ఎవరి మెప్పు కోసం తీస్తావు మరి? ఈ మధ్య ఫెస్టివల్ వాళ్లకు ‘వ్యక్తిగత ప్రయాణం’ కావాలి, దర్శకుడి సొంత గొంతు వినిపించాలి. ఆ మోజులో పడి, నువ్వు హైదరాబాదులో కంప్యూటర్ ముందు బాధపడుతున్న దృశ్యాన్ని మాత్రం దయచేసి చేర్చకు.

చివరగా టైటిల్స్ గురించి. ‘దృశ్యాలు: ఇంటర్నెట్ సౌజన్యం’ అని వేశావు. అది వెంటనే తీసెయ్యి. పాలస్తీనా ఫిల్మ్ యూనిట్ మొదలుపెట్టిన వాళ్లలో ఒకడైన హానీ జవహరియె 1976లో లెబనాన్‌లో కెమెరాతో చిత్రీకరిస్తూనే చనిపోయాడు. వెస్ట్ బ్యాంక్‌లోని బిల్ఇన్ గ్రామ రైతు ఇమాద్ బుర్నాత్ 2005లో కొడుకు పుట్టాడని కెమెరా కొన్నాడు. ఊరి పోరాటాన్ని తీస్తుంటే ఒకదాని తర్వాత ఒకటిగా అయిదు కెమెరాలు ధ్వంసమయ్యాయి. నువ్వు డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి షాట్ వెనకా అలాంటి మనిషి ఒకడున్నాడు. ఒక్కో షాట్‌కు తీసినవాళ్ల పేరు, ఊరు, తేదీ కనుక్కో. అనుమతి అడుగు. పేరు బయటపెడితే ప్రమాదమని వాళ్లంటే పేరు వెయ్యకు, కానీ నీ దగ్గర రాసిపెట్టుకో. ఎవరు తీశారో తేలని షాట్లు సినిమాలోంచి తొలగించు. ఆ జాబితా పూర్తయ్యాక పంపు. వ్యాఖ్యానం ఎక్కడ కొట్టెయ్యాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అక్క