చదువు మధ్యలో బ్రేక్ అంటే రీల్స్ కాదు తల్లీ

ప్రశ్న: అక్కా, నేను ప్లస్ టూ సైన్స్ సెకండియర్. పొద్దున్నే ఫిజిక్స్ ట్యూషన్, అదవ్వగానే కెమిస్ట్రీ ట్యూషన్, తర్వాత కాలేజీ, సాయంత్రం ఇంట్లో చదువు. గంట చదివాక పది నిమిషాలు రీల్స్ చూస్తాను, అదే నా బ్రేక్. మర్నాటికి సగం గుర్తుండట్లేదు. పోనీ ఫోన్ పక్కన పడేసి మంచం మీద వాలితే మాయమ్మ "పరీక్షలు నెత్తి మీదుంటే ఆ పడుకోడం ఏటే" అని ఒకటే గోల. ఏం చెయ్యాలి?
– ఓ పాఠకురాలు, పర్లాకిమిడి (గజపతి జిల్లా, ఒడిశా)

జవాబు: మంచం మీద వాలడమే రైటు తల్లీ, రీల్సే రాంగు. ఓ వంట, ఓ డాన్సు, ఎవరిదో పెళ్ళి, అన్నీ కొత్తవే కదా, మరి బుర్రకి బ్రేక్ ఎక్కడిచ్చినట్టు? చదివింది చదివినట్టే లోపల సెట్ అయిపోదు, దానికి కాస్త టైమ్ కావాలి. తోడేసిన పాలు కదుపుతూ కూర్చుంటే పెరుగవుతుందా చెప్పు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1900లోనే జర్మనీలో మ్యుల్లర్, పిల్జెకర్ అని ఇద్దరు, అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టించి చూశారు, వెంటనే ఇంకో లిస్టు ఇస్తే మొదటిది మర్చిపోతున్నారు, గ్యాప్ ఇస్తే గుర్తుంటోంది. 2012లో స్కాట్లాండ్‌లో మిచెలా డ్యువార్ వాళ్ళ టీమ్ ఏం చేసిందంటే 61 నుంచి 87 ఏళ్ళ పెద్దవాళ్ళకి రెండు చిన్న కథలు వినిపించి, ఒకదాని తర్వాత 10 నిమిషాలు చీకటి గదిలో ఊరికే కూర్చోబెట్టి, ఇంకోదాని తర్వాత కంప్యూటర్లో రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఆడించారు. ఊరికే కూర్చున్న కథే వాళ్ళకి వారం తర్వాత కూడా బాగా గుర్తుంది. పెద్దవాళ్ళకే కదా అనకు, తర్వాత కుర్రవాళ్ళ మీదా చేశారు. ఎలకల్లో అయితే ఇంకా తమాషా, దారెంట పరిగెత్తి ఆగాక మెదడులో హిప్పోకాంపస్ అనే చోట అదే దారి చివర నుంచి మొదటికి మళ్ళీ తిరుగుతుందట, ఇది 2006లో బయటపడింది.

కాబట్టి చాప్టర్ అవ్వగానే ఫోన్ వేరే గదిలో పెట్టి, డాబా మీదో మంచం మీదో పది నిమిషాలు కళ్ళు మూసుకో. పాఠాన్ని పనిగట్టుకుని తలుచుకోనక్కర్లేదు, మనసు ఎటు పోతే అటు పోనీ. నిద్ర పట్టేస్తుందని భయమైతే వంటింటి అలారం గడియారం పెట్టుకో, ఫోన్లో పెడితే మళ్ళీ రీల్సే. లేచాక పుస్తకం తెరవకుండా గుర్తున్నది ఓ కాగితం మీద రాసి చూస్కో, ఇది మానకు, ఉత్తినే కూర్చున్నంత మాత్రాన చదవనిది రాదు కదా.

నాకు అసలు చిరాకు నీ ట్యూషన్ల టైమింగ్ మీద. కెమిస్ట్రీ సార్‌ని ఓ పావుగంట లేటుగా మొదలెట్టమని నలుగురూ కలిసి అడగండి, ఒప్పుకోకపోతే సైకిల్ దిగాక ఆయన అరుగు మీదే కాసేపు మాటల్లేకుండా కూర్చో, ఫ్రెండ్స్ నవ్వితే నవ్వనీ. అమ్మతో మాత్రం వాదించకు, ముందే "పది నిమిషాలు పడుకుంటా, లేపమ్మా" అని ఆవిడకే అప్పజెప్పు.