ఆటకే భవిష్యత్తు లేదంటున్నారు, మరి మావాడి సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. మిర్చి వ్యాపారం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. తొమ్మిదో తరగతి నుంచి కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే నిజం విమానం నడిపినట్టే ఉండే ఆట, దాని పిచ్చి. టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయని లక్షా నలభై వేలు పెట్టి కంప్యూటర్ కొనిచ్చాను. ఇప్పుడు యోక్ (విమానం స్టీరింగ్ లాంటిది), కాళ్ళతో తొక్కే పెడల్స్ అంటూ ఇంకో నలభై వేలు అడుగుతున్నాడు. పైగా ఈమధ్య వాడే, ఈ హాబీ ఎన్నాళ్ళుంటుందో తెలీదు, అంతా కంపెనీ సర్వర్ల మీద నడుస్తోంది, వాళ్ళు ఆపేస్తే అంతే అని దిగులుగా ఉంటున్నాడు. ఆటకే భవిష్యత్తు లేకపోతే దాన్ని పట్టుకుని కూర్చున్న వీడి గతేంటని నాకూ మా ఆవిడకీ టెన్షన్. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అరవై అయిదు లక్షలైతే విదేశాల్లో పైలట్ కోర్సు, వచ్చాక ఉద్యోగం ఖాయం అంటున్నారు. మా బావమరిది ఏరోస్పేస్ బీటెక్‌లో వేయమంటున్నాడు. తుళ్ళూరు వైపు ఉన్న ప్లాటు అమ్మేయమంటారా? పైలట్ కోర్సా, ఏరోస్పేసా, సీఎస్ఈయా, పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ ప్లాటు జోలికి వెళ్ళకండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయండీ. ఆట పేరు మారుతుందంతే. ఒకరింట్లో చెస్, ఇంకొకరింట్లో డ్రోన్లు, మీ ఇంట్లో విమానాలు. పైకి అడిగేది కోర్సుల గురించే, లోపల ఉన్న భయం వేరు: ఇన్నేళ్ళు వాడు ఆ కుర్చీలో కూర్చున్నదంతా బూడిదలో పోసిన పన్నీరేనా, దానికి డబ్బులిచ్చింది కూడా నేనే కదా అని. పోలిక అడిగారు కాబట్టి చేస్తాను గానీ, ఈ భయం సంగతి తేలకపోతే ఏ కోర్సు చెప్పినా మీకు నిద్రపట్టదు.

మీవాడి దిగులు ఉత్తిది కాదు. కానీ ఈ దిగులు ఆ హాబీకి కొత్తా కాదు. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే అమెరికన్ ఇంజినీరు 1979లో ఆపిల్ టూ కంప్యూటర్ కోసం ఫ్లైట్ సిమ్యులేటర్ తయారుచేశాడు. 1982లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఐబీఎం పీసీ మీదకు తెచ్చింది, అంటే విండోస్ కంటే ఈ ఆటే వయసులో పెద్దది. 2006లో ఎఫ్ఎస్ఎక్స్ అనే వెర్షన్ వచ్చింది, 2009 జనవరిలో దాన్ని తయారుచేసే ఏసెస్ స్టూడియోని మైక్రోసాఫ్ట్ మూసేసింది. ఇక అయిపోయిందనే అనుకున్నారు చాలామంది. 2012 ఫిబ్రవరిలో ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్’ అని ఇంకోటి తెచ్చి, జులైకల్లా దాని పనీ ఆపేశారు. మరి ఆ పదేళ్ళూ జనం ఏం చేశారంటే, చచ్చిపోయిందన్న ఆ ఎఫ్ఎస్ఎక్స్‌నే పట్టుకుని, దానికి కొత్త విమానాలు, కొత్త ఎయిర్‌పోర్టులు ఎవరికి వాళ్ళు తయారుచేసుకుంటూ, కొని అమ్ముకుంటూ లాక్కొచ్చారు. లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ ఆ కోడ్‌కి లైసెన్స్ తీసుకుని ప్రిపేర్డ్ అనే సిమ్యులేటర్ చేసింది. ఆస్టిన్ మేయర్ అనే ఆయన మొదలుపెట్టిన ఎక్స్‌ప్లేన్ తన దారిన తను నడుస్తూనే ఉంది. 2020 ఆగస్టులో మళ్ళీ మైక్రోసాఫ్టే, ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియోతో చేయించుకుని, తిరిగొచ్చింది.

ఇంకోటి చెప్తాను, మీకు నవ్వొస్తుందేమో. పాత వెర్షన్లలో ఆట మొదలుపెడితే విమానం షికాగోలోని మెయిగ్స్ ఫీల్డ్ అనే చిన్న ఎయిర్‌పోర్టులో ఉండేది. 2003లో షికాగో మేయర్ రాత్రికి రాత్రి బుల్డోజర్లు పెట్టించి దాని రన్‌వే తవ్వించేశాడు. నిజం ఎయిర్‌పోర్టు పోయింది, ఆటలోది పోలేదు, పాత సీడీ ఉన్నవాడు ఇప్పటికీ అక్కడి నుంచి ఎగురుతాడు.

కాకపోతే ఇప్పుడున్న చిక్కు అప్పటిది కాదు. సీడీ ఇంట్లో ఉన్నప్పుడు స్టూడియో మూసేసినా ఆట మీదే. 2020 వెర్షన్‌లో ప్రపంచమంతా శాటిలైట్ ఫొటోలతో కనిపిస్తుంది, ఆ డేటా రెండు పెటాబైట్లకు పైనే, అంటే రెండు వేల టెరాబైట్లు. మీవాడి కంప్యూటర్‌లో డిస్కు ఒకటో రెండో టెరాబైట్లు ఉంటుంది. కాబట్టి ఎగురుతున్నంతసేపూ కింద ఊళ్ళూ పొలాలూ ఇంటర్నెట్‌లో దిగుతూ ఉంటాయి. మీ భాషలో చెప్పాలంటే సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, మీ చేతిలో ఉన్నది బాండు మాత్రమే. 2024 వెర్షన్ అయితే విమానాలతో సహా ఇంకా ఎక్కువ కంపెనీ సర్వర్ల నుంచే తెచ్చుకుంటుంది, ఆ ఏడాది నవంబరు 19న విడుదలైన రోజు సర్వర్లు తట్టుకోలేక డబ్బులు కట్టినవాళ్ళు కూడా లోపలికి పోలేక గంటలకొద్దీ చూస్తూ కూర్చున్నారు. దానికి తోడు గ్రాఫిక్స్ కార్డులూ, మెమరీ చిప్పుల ధరలూ చూస్తున్నారుగా. ఆటలో వాడే విమానాల్ని విడిగా తయారుచేసి అమ్మేవి చాలావరకు చిన్న చిన్న బృందాలు, ప్రతి కొత్త వెర్షన్‌కీ వాళ్ళు మళ్ళీ పని చేయాలి. ఇవన్నీ నిజం బెంగలే, మీవాడు వీటిని గమనించాడంటే తెలివైనవాడు. వాడికి ఒక మాట చెప్పండి: ఫ్లైట్‌గేర్ అని 1997లో మొదలైన సిమ్యులేటర్ ఒకటుంది, ఉచితం, కోడ్ అందరి చేతిలో ఉంటుంది, ఏ కంపెనీ దాన్ని మూయలేదు. ఎక్స్‌ప్లేన్ కూడా భూమి తాలూకు డేటాని డిస్కులోనే పెట్టుకుంటుంది. బొమ్మలు అంత బాగుండవు, వాడు మూతి ముడుస్తాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను, కాస్త గట్టిగానే అంటాను, ఏమీ అనుకోవద్దు.

మీ ఉత్తరంలో కంప్యూటర్ ధర ఉంది, యోక్ ధర ఉంది, ప్లాటు ఉంది, బావమరిది గారున్నారు. వాడు ఆ స్క్రీన్ ముందు కూర్చుని అసలు ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క లేదు. నాలుగేళ్ళుగా పక్క గదిలో జరుగుతోంది కదండీ! ఒక్క ఆదివారం కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చోండి, గన్నవరం నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళమని అడగండి, నోరు మూసుకుని చూడండి. ఎందుకంటే నా లెక్క మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కొంతమంది పిల్లలు విమానాన్ని వంతెనల కింద నుంచి దూర్చి, నాలుగు పల్టీలు కొట్టించి, కూల్చేసి నవ్వుకుంటారు. అది ఆట, ఆడుకోనివ్వండి, దాని మీద కెరీర్ కట్టకండి. కొంతమంది ఎగరడానికి ముందే అరగంట వాతావరణం చూసుకుని, ఇంధనం లెక్కేసుకుని, చెక్‌లిస్టు వరుసగా చదువుతారు. మధ్యలో అమ్మ అన్నానికి పిలిస్తే ల్యాండింగ్ అయ్యేదాకా లేవరు, ఇళ్ళల్లో గొడవలు సగం ఇక్కడే. ఇంకొంతమంది ఎగరడం మానేసి తిప్పే నాబ్‌లు, స్విచ్‌లు, ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు ముందేసుకుని కాక్‌పిట్ ప్యానెల్ తయారుచేస్తుంటారు, లేదంటే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గన్నవరం టెర్మినల్ బొమ్మ గీస్తుంటారు. వ్యాట్‌సిమ్ అనే నెట్‌వర్క్ ఉంది, 2001 నుంచి నడుస్తోంది, అందులో కొందరు విమానాలు నడుపుతుంటే కొందరు కంట్రోలర్లుగా కూర్చుని మైకులో దారి చెప్తుంటారు. అందరూ వాలంటీర్లే, దానికి శిక్షణ, పరీక్షలు కూడా ఉంటాయి. మీవాడు అక్కడ కంట్రోలర్‌గా కూర్చుంటున్నాడంటే ఆ సంగతి నాకు వాడి ర్యాంకు కంటే ఎక్కువ చెప్తుంది. ఇంగ్లిషులో మాట్లాడ్డానికి భయపడే మన ఇంటర్ పిల్లాడు, ఎక్కడో జర్మనీ వాడికి ఎత్తు తగ్గించమని తడబడకుండా చెప్తున్నాడంటే చిన్న విషయమా?

ఆట సర్వర్లు రేపు ఆపేసినా ఇవి వాడి దగ్గరే ఉంటాయి. మీ ఇద్దరి నిద్ర సంగతికి నా దగ్గరున్న జవాబు ఇదే.

ఇక పైలట్ కోర్సు. నాకు ఈ దారి మీద అనుమానాలున్నాయి, దాచుకోను. వద్దని కాదు, ఇప్పుడు దాన్ని అమ్ముతున్న పద్ధతి మీద. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డరిచ్చాయన్న వార్తని కన్సల్టెన్సీల వాళ్ళు ఫ్రేము కట్టి గోడకి పెట్టుకున్నారు. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి రూల్స్ మారాక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది కదా, అప్పట్నుంచి ‘చూశారా, పైలట్లు దొరకట్లేదు’ అని మొదలెట్టారు. దొరకనిది అనుభవం ఉన్నవాళ్ళండీ, ముఖ్యంగా కెప్టెన్లు. రెండొందల గంటలు ఎగిరి కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్ళకి కొరత లేదు. మన దేశంలో పైలట్లకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2023 ఒక్క ఏడాదిలోనే 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. వాళ్ళందరూ మరుసటి నెల యూనిఫాం వేసుకోలేదు. మీకు చెప్పిన అరవై అయిదు లక్షల్లో టైప్ రేటింగ్ ఉందా? అంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఫలానా విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ, దానికి మళ్ళీ లక్షలు. విదేశంలో తెచ్చుకున్న లైసెన్సు ఇక్కడ చెల్లాలంటే డీజీసీఏ పరీక్షలు రాసి మార్పించుకోవాలి, ఆ నెలల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఎయిర్‌లైన్ల సొంత క్యాడెట్ కోర్సులైతే కోటి రూపాయల మాట. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో, ప్రతిసారీ అనుభవం ఉన్న పైలట్లు వందలమంది ఒక్కసారిగా ఉద్యోగాల కోసం బయటికొచ్చారు, ఆ వరుసలో మీ కొత్త కుర్రాడు ఎక్కడ నిలబడతాడో ఆలోచించండి. ‘ఉద్యోగం ఖాయం’ అన్నవాణ్ణి ఆ మాట స్టాంపు పేపరు మీద రాసిమ్మనండి. రాయడు.

మీవాడు ఇంట్లో ఎగిరిన గంటలు పైలట్లు తమ గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఎక్కవు, అది కూడా వాడికి తెలిసే ఉంటుంది. నిజం విమానంలో కూర్చున్నాక సిమ్యులేటర్ పిల్లలకి చెక్‌లిస్టులు, రేడియో మాటలు, మీటర్లు చదవడం తేలిగ్గా వస్తాయి, అదే సమయంలో కిటికీలోంచి బయటికి చూడాల్సిన చోట తల దించుకుని మీటర్లే చూస్తారని ఇన్‌స్ట్రక్టర్లు విసుక్కుంటారు. లాభం ఉంది, చిన్నపాటి నష్టమూ ఉంది.

అయినా వాడికి అదే కావాలంటే చేయాల్సిన మొదటి పని ప్లాటు అమ్మడం కాదు, మెడికల్. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర ముందు క్లాస్ టూ అనే పరీక్ష, ఆ తర్వాత కమర్షియల్ లైసెన్సుకి కావాల్సిన క్లాస్ వన్. కళ్ళజోడు ఉంటే కంగారుపడక్కర్లేదు, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం అక్కడే తెలిసిపోతుంది. ఫీజు కట్టించుకున్నాక మెడికల్‌కి పంపేవాళ్ళున్నారు, అలాంటి చోటు నుంచి లేచి వచ్చేయండి. మెడికల్ పాసయ్యాక కూడా, డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇరవై ఒకటో ఏటో ఇరవై రెండో ఏటో ఆ కోర్సుకి వెళ్ళినవాడు నాకు ఎక్కువ ధీమాగా కనిపిస్తాడు. పద్దెనిమిదేళ్ళకే వెళ్ళకపోతే బండి వెళ్ళిపోతుందని చెప్పేది ఫీజు తీసుకునేవాళ్ళే.

ఏరోస్పేస్ బీటెక్ గురించి బావమరిది గారికి నా నమస్కారం. విమానాలంటే ఇష్టం కాబట్టి ఏరోస్పేస్ అనే లెక్క మన ఇళ్ళల్లో బాగా వినిపిస్తుంది. అది విమానం నడిపే చదువు కాదు, గాలి ప్రవాహాలు, లోహాలు, లెక్కలు. మంచి కాలేజీలో వస్తే, వాడికి లెక్కలంటే ప్రాణమైతే సరే. ఊరి చివర కొత్తగా పెట్టిన కాలేజీలో ఆ బ్రాంచి ఒక్కటే దొరికిందని మాత్రం చేర్చకండి. మెకానికల్, ఈసీఈ, సీఎస్ఈ, ఏది చేసినా విమానాల వైపు తలుపులు మూసుకుపోవు. హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు తయారుచేస్తుంది, అలాంటి చోట కోడ్ రాసేవాళ్ళూ కావాలి, వైర్లు కలిపేవాళ్ళూ కావాలి, త్రీడీ బొమ్మలు చేసేవాళ్ళూ కావాలి. మీవాడు ప్యానెళ్ళు తయారుచేసే రకం అయితే నేను ఈసీఈ వైపు చూస్తాను. బొమ్మలూ కోడూ అయితే సీఎస్ఈ.

మీరు అసలు అడగనిది ఇంకోటుంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకి నోటిఫికేషన్ వేస్తుంది, ఫిజిక్సు మ్యాథ్సుతో బీఎస్సీ చేసినా, ఇంజినీరింగ్ చేసినా రాయొచ్చు, సెలెక్ట్ అయితే శిక్షణ వాళ్ళే ఇస్తారు, లక్షల ఫీజు లేదు. పోటీ గట్టిది, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో మన చేతిలో ఉండదు, షిఫ్టు డ్యూటీలు. కానీ వ్యాట్‌సిమ్‌లో మైకు పట్టుకున్న పిల్లాడికి ఈ పేరైనా వినిపించకుండా అరవై అయిదు లక్షల బేరం మాట్లాడ్డం ఏంటండీ?

యోక్, పెడల్స్ విషయం. ఇప్పుడు వద్దు, బోర్డు పరీక్షలూ ఈఏపీసెట్టూ అయ్యాక చూద్దామని చెప్పండి, కానీ ‘దండగ’ అన్న మాట వాడకండి. అయ్యాక కూడా కొత్తవి అక్కర్లేదు, ఈ హాబీలో సగంలో మానేసి సామాన్లు తక్కువకి అమ్ముకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాడికే ఆ పని అప్పగించండి, ఇరవై వేలలోపు బేరం కుదిర్చుకుంటే కొనిస్తానని చెప్పండి. క్లాస్ టూ మెడికల్ కూడా అదే వేసవిలో చేయించేయండి. ఆ రిపోర్టు, వాడి ర్యాంకు రెండూ చేతికొచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరం వాణ్ణే రాయమనండి.